టవర్‌కు బుగులు పడాలా, వేలిముద్రకు పడాలా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. మా ఎదురింటి డాబా మీద సెల్ టవర్ పెడుతున్నరు. క్యాన్సర్ వస్తదని వాడకట్టోళ్లంతా కలెక్టర్‌కు అర్జీ రాసిండ్రు, నన్ను కూడా సంతకం పెట్టుమంటున్నరు. మా అవ్వకు పింఛను వేలిముద్ర మీద వస్తది. వేలిముద్రలు కూడా దొంగిలిస్తున్నరని విన్న. బిడ్డ హన్మకొండల బీటెక్ కంప్యూటర్స్ మూడో ఏడు చదువుతాంది. ఏఐ వచ్చినంక ఆ చదువుకు కొలువు లేదంటున్నరు. మనిషి గొంతును నకలు చేసి పైసలు అడుగుతున్నరట. ఇవన్నీ నిజంగ భయపడాల్సినవేనా, కొత్తది ఏదొచ్చినా మనోళ్లు ఇట్లనే బుగులు పడుతరా? (పేరు రాయవద్దన్న పాఠకుడు, వరంగల్ జిల్లా)

సమాధానం: మీరు అడిగిన నాలుగింటిలో రెండు నిజంగానే భయపడాల్సినవి. ఒకటి సగం నిజం. ఇంకొకటి దాదాపు అక్కర్లేనిది, కానీ మీ వాడలో గొడవంతా దాని చుట్టే నడుస్తోంది. ఇందులో వింతేమీ లేదు. ఎదురింటి మీద లేస్తున్న ఇనుప స్తంభం రోజూ కంటపడుతుంది. ఎక్కడో కంప్యూటర్ జాబితాలో మన పేరు పక్కన పడ్డ గుర్తు కనబడదు. ఇప్పుడు నష్టాలు ఎక్కువగా వస్తున్నది ఆ కనబడని వైపు నుంచే.

టవర్ సంగతి ముందు తేల్చేద్దాం. ఎక్స్‌రే కిరణాలు శరీర కణాల్లోని అణువుల్ని విడగొట్టగలవు. సెల్ టవర్ పంపే రేడియో తరంగానికి ఆ శక్తి లేదు. అణువును విడగొట్టడానికి కావలసినదానికి దాని శక్తి దాదాపు పది లక్షల రెట్లు తక్కువ. అది చేయగలిగిందల్లా కొంత వేడి పుట్టించడం. ఆ వేడి ఎంతవరకు హాని చేయదో చూసి అంతర్జాతీయంగా ఒక పరిమితి పెట్టారు. మన టెలికాం శాఖ 2012 సెప్టెంబర్ 1 నుంచి దాన్ని మన దేశంలో పదోవంతుకు తగ్గించింది. ఆ లెక్కన 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లు, 1800 దగ్గర సుమారు 0.9, 2100 నుంచి పైన 1 వాట్.

మీ ఇంటికి ఎంత చేరుతుందో మీరే లెక్క వేసుకోవచ్చు. యాంటెన్నా శక్తిని ఒక దిక్కుకు కేంద్రీకరించి పంపుతుంది కాబట్టి ఆ దిక్కులో అది 1000 వాట్లతో సమానమనుకుందాం. 100 మీటర్ల దూరంలో, సరిగ్గా దాని ఎదురుగా నిలబడ్డా చేరేది చదరపు మీటరుకు 0.008 వాట్లు. అంటే పదోవంతుకు తగ్గించిన పరిమితిలో కూడా యాభయ్యో వంతు కంటే తక్కువ. దూరం రెట్టింపైతే ఇది నాలుగో వంతుకు పడిపోతుంది. యాంటెన్నా కిరణం కొద్దిగా కిందికి వంగి దాదాపు అడ్డంగానే పోతుంది కాబట్టి టవర్ కిందనే ఉన్న ఇంటికి ఇంకా తక్కువ తగులుతుంది. చూసుకోవాల్సింది యాంటెన్నాకు సమానమైన ఎత్తులో, దాని ముఖానికి ఎదురుగా, దగ్గరగా ఉన్న పై అంతస్తులను. టెలికాం శాఖ అప్పటి మార్గదర్శకాల్లో వీటికి దూరాలు ఇచ్చింది. ఒక యాంటెన్నా అయితే 20 మీటర్లు, రెండైతే 35, నాలుగైతే 45, ఆరైతే 55. మీ డాబా ఎత్తు ఎంత, యాంటెన్నా ఎంత ఎత్తులో వస్తోంది, మధ్య దూరమెంత అన్నవి టేపు పెట్టి కొలిచేవే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో రేడియో తరంగాలను 2బీ వర్గంలో చేర్చిందని మీ అర్జీలో ఉండే ఉంటుంది. చేర్చిన మాట నిజం. 2బీ అంటే కారణం కావచ్చేమో, ఆధారాలు మాత్రం పరిమితం అని. ఆ పరిమిత ఆధారాలు కూడా ముఖ్యంగా ఏళ్ల తరబడి ఫోన్‌ను చెవికి ఆనించి మాట్లాడినవాళ్ల అధ్యయనాల నుంచి వచ్చాయి, టవర్ పక్క ఇళ్ల నుంచి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా చేసిన పెద్ద సమీక్ష ఒకటి 2024లో వెలువడింది. ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదని అది తేల్చింది. ఇంకో విషయం. టవర్ దూరమై సిగ్నల్ బలహీనపడితే చెవి దగ్గరున్న ఫోన్ ఎక్కువ శక్తితో పంపాల్సి వస్తుంది. టవర్‌ను ఊరి బయటికి తోలితే మీ తలకు తగిలేది పెరుగుతుందే తప్ప తగ్గదు.

అందుకని ఇప్పుడున్న అర్జీ మీద సంతకం పెట్టొద్దు, అట్లాగని ఊరుకోనూ వద్దు. అర్జీని తిరగ రాయించండి. టవర్ వల్ల నిజంగా బాధపడేది ఇరుగుపొరుగువాళ్లే, కాకపోతే బాధలు వేరు. పాత డాబా ఆ బరువును మోయగలదని స్ట్రక్చరల్ ఇంజినీర్ ఇచ్చిన సర్టిఫికెట్ చూపమనండి. పిడుగు పడితే భూమిలోకి పోయేట్టు ఎర్తింగ్ సరిగా ఉందా, జనరేటర్ పెడితే పొగగొట్టం ఏ ఇంటి కిటికీ వైపు తిరిగింది, రాత్రి చప్పుడు ఎంత, గ్రామ పంచాయతీకి లేదా మున్సిపాలిటీకి కంపెనీ ఇచ్చిన కాగితం ఎక్కడ? ఈ ప్రశ్నలకు అధికారులు జవాబు చెప్పక తప్పదు, క్యాన్సర్ మాటను మాత్రం ఒక్క వాక్యంతో కొట్టేస్తారు. అనుమానం తీరకపోతే టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో ఆ టవర్‌కు పరిమితుల ధ్రువీకరణ ఉందో లేదో చూడవచ్చు. 4,000 రూపాయలు కడితే వాళ్లే వచ్చి కొలుస్తారు. వాడకట్టులో నలభై ఇళ్లుంటే ఇంటికి వంద.

టవర్ పేరు మీద జరిగే అసలు మోసం వేరే ఉంది. "మీ జాగాలో టవర్ పెడతాం, 25 లక్షలు అడ్వాన్సు, నెలకు 30 వేల కిరాయి, ముందు ఎన్ఓసీ ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గానీ టెలికాం శాఖ గానీ అట్లాంటి ఎన్ఓసీ ఇవ్వవు, ఏ ఫీజూ తీసుకోవు. రేడియేషన్‌కు భయపడి టవర్ వద్దన్న ఊళ్లోనే ఈ ఫోన్‌కు ఆశపడి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టేవాళ్లూ ఉంటారు.

భయం తప్పు చోట వాలడం మన జిల్లాకు కొత్త కాదు. పురుగును చంపే ప్రొటీన్‌ను మొక్కే తయారు చేసుకునేట్టు జన్యువు మార్చిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. 2006లో చేనులో మేసిన గొర్రెలు చనిపోయాయని వరంగల్ జిల్లా పేరు దేశమంతా మోగింది. ఆ చావులకు బీటీ ప్రొటీనే కారణమని తేలలేదు. అదే కాలంలో 450 గ్రాముల విత్తన ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటింది. అది లెక్కకు దొరికే నష్టం. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని మీద కొట్లాడి 2006లో 750కి దించింది. ఇంకో నష్టాన్ని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల సంచి ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. విషం తగలని పురుగులు కొన్ని ఆ మొక్కల మీద బతికి, తట్టుకునే పురుగులతో జతకట్టి, ఆ తట్టుకునే గుణాన్ని పలచన చేయాలన్నది దాని వెనక లెక్క. చాలామంది ఆ సంచిని గట్టు మీదే పడేశారు. గులాబీ రంగు పురుగు పదేళ్లలోపే బీటీ-2ను కూడా తట్టుకోవడం నేర్చింది. భయపెట్టిన గొర్రెల కథ వార్త అయింది, గట్టు మీద పడేసిన సంచి పంటను తిన్నది.

ఇక మీ అవ్వ వేలిముద్ర. మీ ఉత్తరంలో అన్నింటికంటే ముందు చూడాల్సింది ఇదే. ఆధార్ ఆధారిత చెల్లింపులో, అంటే ఊరి బ్యాంకు మిత్ర దగ్గర చిన్న మిషన్ మీద వేలు పెట్టి డబ్బు తీసే పద్ధతిలో, కావలసినవి మూడే: ఆధార్ నంబర్, బ్యాంకు పేరు, వేలిముద్ర. పిన్ లేదు, ఓటీపీ లేదు, కార్డు లేదు. ఒక్కో లావాదేవీకి 10,000 రూపాయల వరకు తీయవచ్చు. ఆ మూడింటిలో నంబరు జిరాక్స్ కాగితాల మీద ఊరంతా తిరుగుతుంది, బ్యాంకు పేరు ఊహించవచ్చు, మిగిలింది వేలు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలిముద్ర పోతే వేలు మార్చుకోలేం. దీన్ని భయపడాల్సిన వాటిలో లెక్కించడానికి అసలు కారణం అది.

వేలు తయారు చేయడం కష్టమనుకుంటారు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌కార్డులు అమ్మే ఒకతను అది ఎంత తేలికో చూపించాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో భూముల దస్తావేజులు ఉండేవి, వాటి మీద అమ్మినవాళ్ల, కొన్నవాళ్ల వేలిముద్రలు, ఆధార్ వివరాలు ఉండేవి. వాటిని దించుకుని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రం మీద పాలిమర్ వేళ్లు పోసి, వేల సిమ్‌లను ఆ ముద్రలతో యాక్టివేట్ చేశాడు. అందులో గొప్ప సాంకేతికతేమీ లేదు. దస్తావేజును ముద్రతో సహా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసేట్టు పెట్టడం ఒక తప్పు, ముద్ర సరిపోలితే చాలు, వేలు జీవమున్నదా కాదా అని మిషన్ చూడకపోవడం రెండో తప్పు. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ 2023 ఫిబ్రవరిలో ప్రాణమున్న వేలినీ రబ్బరు వేలినీ వేరు చేసే పరీక్షను తెచ్చింది. అది ఏఐతో పనిచేస్తుంది. భయపెట్టే జాబితాలో ఉన్న యంత్రమే ఇక్కడ కాపలా కాస్తోంది. దానితో ప్రమాదం తగ్గింది గానీ పోలేదు.

మీరు చేయాల్సింది బయోమెట్రిక్ లాక్. ముందు అవ్వ ఆధార్‌కు మీ ఇంట్లో వాడే ఫోన్ నంబర్ జోడించి ఉందో చూడండి. చాలామంది ముసలివాళ్ల ఆధార్‌కు ఎప్పుడో పోయిన సిమ్ నంబరో, మీసేవలో ఎవరో రాసిన నంబరో ఉంటుంది. అది మారకపోతే ఓటీపీ రాదు, లాక్ పడదు. నంబర్ మార్పుకు అవ్వను ఆధార్ కేంద్రానికి తీసుకుపోండి. 2025 అక్టోబర్ నుంచి ఈ మార్పు రుసుము 75 రూపాయలు. అంతకుమించి అడిగితే రసీదు అడగండి. నంబర్ ఎక్కినాక ఉడాయ్ అధికారిక ఆధార్ యాప్‌లో అవ్వ ప్రొఫైల్ జోడించి, యాప్‌కు పిన్ పెట్టి, బయోమెట్రిక్ లాక్ నొక్కి, ఓటీపీ కొడితే పని అయిపోతుంది.

లాక్ వేశాక రెండు ఇబ్బందులు ఎదురవుతాయి, ముందే తెలిసి ఉండాలి. పింఛను రోజు అవ్వ వేలు పెడితే మిషన్ 330 అనే ఎర్రర్ చూపిస్తుంది. "మీ వేలిముద్రలు అరిగిపోయినయి" అని ఆపరేటర్ తిప్పి పంపుతాడు. అరగలేదు, లాక్‌లో ఉన్నాయి. వేలు పెట్టే ముందు యాప్‌లో తాత్కాలికంగా తెరిస్తే పది నిమిషాలు పనిచేసి, ఆ తర్వాత దానంతటదే మూసుకుంటుంది. సర్వర్ మెల్లగా ఉంటే ఆ పది నిమిషాలు చాలకపోవచ్చు, వరుసలో మీ వంతు వచ్చినాకే తెరవండి. రెండోది రేషన్ దుకాణం. కార్డులో పేరున్న ఎవరు వేలు పెట్టినా బియ్యం ఇస్తారు కాబట్టి ఆ పనికి అవ్వను పంపకుండా మీరే పోతే సరి.

రబ్బరు వేలి కంటే ఎక్కువగా జరిగేది వేరు, అది మాట్లాడుకునేంత గొప్ప నేరంగా కనబడదు. అవ్వ వేలు పెడుతుంది, "సర్వర్ రాలే, మళ్లా పెట్టు" అంటారు, మళ్లీ పెడుతుంది, ఒక్కసారి డబ్బు చేతికిస్తారు. రెండుసార్లు ఖాతాలోంచి పోతుంది. దీనికి మందు రసీదు. విఫలమైన లావాదేవీకి కూడా రసీదు వస్తుంది, దాని మీద ఆర్ఆర్ఎన్ అని 12 అంకెలుంటాయి. ఆ కాగితం లేకుండా రెండోసారి వేలు పెట్టొద్దని అవ్వకు గట్టిగా చెప్పండి. ఆధార్ పోర్టల్‌లో గత ఆరు నెలల్లో ఆమె వేలిముద్ర ఎప్పుడెప్పుడు వాడారో జాబితా చూడవచ్చు. పింఛను తేదీలు, రేషన్ తేదీలు తప్ప వేరే రోజులు కనబడితే ఆరా తీయండి. అవ్వ ఆ మిషన్ మీద డబ్బు తీయకుండా బ్యాంకుకే పోయే మనిషైతే ఆధార్ చెల్లింపును ఖాతాకు ఆపేయమని బ్రాంచిలో కాగితం రాసి ఇచ్చి, మీ నకలు మీద ముద్ర వేయించుకోండి. కాగితాలతో పాటు ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సి వచ్చినచోట చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

డబ్బు పోతే కాలమే ముఖ్యం. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6 నాటి ఉత్తర్వు ప్రకారం మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడో మనిషి చేసిన మోసమైతే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే నష్టం మనమీద పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే మామూలు పొదుపు ఖాతాకు గరిష్ఠంగా 10,000 మనం భరించాలి, కనీస నిల్వ అక్కర్లేని ప్రాథమిక ఖాతాకు 5,000. ఏడు దాటితే బ్యాంకు దయ. ఫిర్యాదు నోటిమాటగా చెప్పి రావొద్దు. రాసి ఇచ్చి నంబరు తీసుకోండి.

గొంతు నకలు గురించి విన్నది నిజమే. కొన్ని సెకన్ల మాట దొరికితే చాలు, ఆ గొంతుతో ఏ వాక్యమైనా పలికించవచ్చు. పెళ్లి వీడియో, వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టా రీలు, ఎక్కడి నుంచైనా ఆ మాట దొరుకుతుంది. చెవితో పట్టుకోగలమనుకోవద్దు. అటు వైపు ఏడుపు, హడావుడి, ట్రాఫిక్ చప్పుడు కలిపితే కన్నతల్లి కూడా పోల్చలేదు. ఏడుపును పట్టించుకోకుండా ఫోన్ పెట్టేసి, మన ఫోన్‌లో ఉన్న బిడ్డ నంబర్‌కు మనమే చేయడం ఒక్కటే నమ్మదగ్గ పద్ధతి. ఎత్తకపోతే ఆమె హాస్టల్ వార్డెన్‌కో, గదిలో ఉండే స్నేహితురాలికో చేయండి. ఆ నంబర్లు ఈరోజే రాసి పెట్టుకోండి. ఇంట్లో ఒక రహస్య మాట పెట్టుకోవచ్చు. అది పుట్టినరోజు, ఊరు పేరు, పెంపుడు కుక్క పేరు లాంటి ఫేస్‌బుక్‌లో దొరికేది కాకూడదు.

కథలో పాత్రలు మారుతుంటాయి. "మీ పాప డ్రగ్స్ కేసులో దొరికింది", "మీ ఆధార్‌తో పార్శిల్ వచ్చింది, వీడియో కాల్ ముందునుంచి కదలొద్దు, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు". డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. పీఎం కిసాన్ పేరుతో, చలాన్ పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు, ఇంకా ప్రమాదం. అది ఫోన్‌లో చేరితే ఓటీపీలు వాళ్లకే పోతాయి. పొరపాటున నొక్కితే వెంటనే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, సిమ్ తీసేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించాలి. తర్వాత ఫోన్ మొత్తం రీసెట్ చేయించాలి. ఆ యాప్ ఒక్కటి తీసేస్తే చాలదు.

డబ్బు వెళ్లిపోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మోసగాడు మొదటి ఖాతా నుంచి రెండోదానికి, అక్కడి నుంచి మూడోదానికి నిమిషాల్లో తిప్పేస్తాడు. మధ్యలో ఎక్కడ ఆగితే అక్కడిదాకే దక్కుతుంది. చేసేటప్పుడు ఎంత పోయింది, ఎన్ని గంటలకు, ఆ లావాదేవీకి గుర్తుగా ఇచ్చే యూటీఆర్ నంబర్ ఏది, ఏ ఖాతా నుంచి అన్నవి చేతిలో ఉండాలి. ఆగిన డబ్బును లోక్ అదాలత్ ద్వారా తిరిగి ఇప్పించడం తెలంగాణలో జరుగుతోంది. సిగ్గుపడి రెండు రోజులు ఇంట్లో దాచిపెట్టిన కేసుల్లోనే ఏమీ మిగలదు.

బిడ్డ కొలువు మాట సగం నిజం అన్నాం. ఏ సగం నిజమో చూడాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు, గోదావరిఖని, భూపాలపల్లి చాలు. సింగరేణిలో 1990ల మొదట్లో కార్మికులు లక్ష పైమాటే, ఇప్పుడు దాదాపు 40 వేలు. అదే కాలంలో బొగ్గు ఏడాదికి సుమారు 2 కోట్ల టన్నుల నుంచి 2023-24లో 7 కోట్ల టన్నులకు చేరింది. తట్ట మోసే ఫిల్లర్ల స్థానంలో బాయిలోకి బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు దిగాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. యంత్రం వచ్చిన రోజున ఏ ఫిల్లర్ మెడా పట్టి గెంటలేదు. రిటైరైనవాళ్ల ఖాళీ నింపలేదు, కొందరు డబ్బు తీసుకుని ముందే తప్పుకునే గోల్డెన్ హ్యాండ్‌షేక్ తీసుకున్నారు, కొంత పని కాంట్రాక్టుకు పోయింది. నష్టపోయింది కొలువులో ఉన్న తండ్రి కాదు, వరుసలో నిలబడ్డ కొడుకు. వారసత్వ ఉద్యోగాల కోసం అంత కాలం కొట్లాట నడిచింది అందుకే.

ఏఐ కూడా ఇట్లాగే వస్తోంది. పదేళ్ల అనుభవమున్న ఇంజినీరు కొలువు తీసేయడం కంటే, ఈ ఏడు నలుగురు ఫ్రెషర్లను తీసుకోవాల్సిన చోట ఇద్దరితో సరిపెట్టడం కంపెనీకి తేలిక. వార్తల్లో తీసేసిన లెక్క వస్తుంది, తీసుకోని లెక్క రాదు. అందువల్ల మీ బిడ్డ మూడో ఏడులో ఉండగా భయపడటం తప్పు కాదు. "కంప్యూటర్లు వచ్చినప్పుడూ ఇట్లనే అన్నరు, ఏమైంది?" అని ఓదార్చేవాళ్ల మాట నమ్మొద్దు. బ్యాంకులు నిలబడ్డాయి నిజమే, టైపింగ్ లోయర్, హయ్యర్ పాసై ఎదురుచూసినవాళ్లు ఏమయ్యారో వాళ్లనడగండి.

అబద్ధమైన సగం, ఆ చదువే దండగన్నది. ముందుగా తగ్గేది ఒక రకం పని: ఎవరో చెప్పిన ఫారానికి కోడ్ రాయడం, టెస్ట్ కేసులు నింపడం, వచ్చిన ఫిర్యాదు టికెట్‌ను ఇంకొకరికి పంపడం, డేటా ఎంట్రీ. మిగిలేది, ఏఐ రాసిన 500 వరుసల కోడ్‌లో తప్పు ఎక్కడుందో కనిపెట్టే పని. దానికి ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డేటాబేస్ వచ్చి ఉండాలి, కాలేజీలో పరీక్ష ముందు రాత్రి చదివి వదిలేసే సబ్జెక్టులే అవి. ఆమెకు చెప్పాల్సిన మొదటి అలవాటు, ఏ లెక్కనైనా ముందు తనే అరగంట కుస్తీ పట్టి రాసి, ఆ తర్వాత ఏఐని అడిగి, రెండింటి తేడా చూడటం. ముందే అడిగితే జవాబు వస్తుంది, చదువు రాదు. లైనక్స్, గిట్, ఎస్‌క్యూఎల్ ఈ ఏడే చేతికి రావాలి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు, ఎన్‌పీటెల్‌వి, ఉచితం.

ప్రాజెక్టు దగ్గర చాలామంది పిల్లలు చెడగొట్టుకుంటారు. హన్మకొండలో డబ్బు కట్టి కొన్న ప్రాజెక్టును ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే పట్టేస్తారు. దానికి బదులు ఎనుమాముల మార్కెట్‌లో తెలిసిన అడ్తి దుకాణం ఏదైనా ఉంటే ఒక సీజన్ తక్‌పట్టీల, అంటే రైతుకిచ్చే అమ్మకం చిట్టీల, లెక్క కంప్యూటర్‌లో ఎక్కించే పని అడగమనండి. చిన్న పనిలాగే ఉంటుంది. దిగితే తెలుస్తుంది: ఒకే రైతు పేరు మూడు రకాలుగా రాసి ఉంటుంది, బస్తాల బరువు ఒక్కటిగా ఉండదు, తరుగు ఒకచోట బరువులో తీస్తారు ఒకచోట డబ్బులో తీస్తారు, కరెంటు పోయినప్పుడు రాసిన చిట్టీలు సాయంత్రం కలపాలి. వీటిని దాటి గుమస్తా రోజూ వాడేట్టు చేయగలిగితే, చెప్పుకోడానికి ఆమెకు సొంత పని ఉంటుంది. "ఆరు వారాల్లో ఏఐ నిపుణులు, జాబ్ గ్యారంటీ" అనే కోర్సులకు, రెండు లక్షలు కడితే బ్యాక్‌డోర్‌లో కొలువు అనే కన్సల్టెన్సీలకు మాత్రం ఒక్క రూపాయి కట్టొద్దు. ఏఐ భయాన్ని అమ్ముకుని బతికేవాళ్లు వాళ్లు.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో రేషన్ కార్డు కూడా ఉండే ఉంటుంది. వాహనాలు, ఆస్తులు, కరెంటు బిల్లులు లాంటి శాఖల లెక్కలన్నీ కలిపి ఎవరు అర్హులో చూసే సమగ్ర వేదిక అనే వ్యవస్థ తెలంగాణలో ఉంది. పేర్లను పోల్చేది కంప్యూటర్. అదే పేరున్న ఇంకొకరి కారు మీ పేరు మీద చూపిస్తే కార్డు పోతుంది. 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ సరిచూడమని సుప్రీంకోర్టు 2022లో రాష్ట్రాన్ని ఆదేశించింది. దీని మీద ఏ వాడకట్టూ అర్జీ రాసినట్టు కనబడదు. టవర్ లాగా ఇది ఎవరి డాబా మీదా లేవదు మరి.

కార్డో, పింఛనో ఒక నెల ఆగిపోతే "సిస్టంల తీసేసింది" అన్న జవాబుతో ఇంటికి రావొద్దు. సిస్టం తనంతట తాను తీసేయదు, ఏదో ఒక శాఖ ఇచ్చిన ఏదో ఒక వివరం మీద తీసేస్తుంది. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. దానితో పాటే 10 రూపాయల రుసుముతో జిల్లా పౌరసరఫరాల కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. "ఎందుకు తీసేశారు" అని రాస్తే నిబంధనల ప్రకారం అని ఒక్క ముక్క వస్తుంది. ఇట్లా రాయండి: నా కార్డు నంబరు ఇది, దీన్ని అనర్హంగా చూపిన వివరం ఏమిటి, అది ఏ శాఖ రికార్డు నుంచి ఏ తేదీన వచ్చింది, వాహనమైతే దాని రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటి, రద్దుకు ముందు మా ఇంటికి వచ్చి విచారించిన అధికారి హోదా, తేదీ, ఆ నివేదిక నకలు. వాహనం నంబరు చేతికొస్తే అది మీది కాదని రవాణా కార్యాలయం నుంచే కాగితం తేవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో అదే శాఖలో మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.